విషముల ఒరగల్లు : అలెగ్జాండర్ గెట్లర్ జీవితకృషి

(మహాసభ రెండవనాటి ఉదయమున జరిగిన ఉపన్యాసము)



మహాసభ కార్యనిర్వాహకులు నన్ను శాస్త్రవిద్యనుగూర్చి కొంత ప్రసంగింపుమని కోరినప్పుడు నేను కొంత సంకోచించితిని. విద్యవలని లాభములనుగూర్చి ఈ వేదికనుండి ఎందఱో పెద్దలు నాకంటె మిన్నగా పలికియున్నారు. వారు చెప్పినదానినే మరల చెప్పి మీ కాలమును హరించుటకంటె, ఒక్క మనుష్యుని జీవితమును మీ ముందుంచుట మేలని తోచినది. ఆతడు మన దేశమువాడు కాడు. మన కులమువాడు అంతకంటెను కాడు. అయినను ఆతడు చేసిన పని మన పనికి దగ్గఱ చుట్టము. ఆతని పేరు అలెగ్జాండర్ గెట్లర్. అమెరికా దేశమున న్యూయార్కు మహానగరమునందు 1918 మొదలుకొని నలుబదియేండ్లపాటు మృతకళేబరములలోని విషములను వెదకి కనిపెట్టుటయే ఆతని ఉద్యోగము.

శుభమా యని సభ జరుగుచుండగా శవముల ప్రసంగమేమని కొందఱు మనస్సులో ననుకొనవచ్చును. మన్నింపుడు. ఈ సభలో కుంపటిముందు కూర్చుండి బ్రదుకు సాగించినవారును, వారి బిడ్డలును పెక్కుండ్రున్నారు. బంగారమును అమ్మవచ్చినవాడు అది మేలిమియని ప్రమాణము చేసినంతమాత్రమున మనము నమ్ముదుమా? ఒరగల్లుమీద గీచి, ఆ గీటుపై ఆమ్లపుచుక్క వేసి, నిలిచినదెంతయో కరగినదెంతయో చూచిన పిమ్మటగదా వెల కట్టుదుము. అమ్మువాడు దొర యైనను పేద యైనను ఒరగల్లు పక్షపాత మెఱుగదు. గెట్లరు చేసినదియు నిదియే. ఒక మనుష్యుని ఉరికంబమునకు పంపుటయో, ఇంటికి పంపుటయో ఆతని గీటుమీద ఆధారపడియుండెను.

ఈ విద్య ఆతనితోనే పుట్టినది కాదు. పూర్వము ఐరోపాఖండమున పాషాణము పెట్టి చంపుట మిక్కిలి సులభమైన నేరముగా నుండెను. దానికి రుచి లేదు, వాసన లేదు. వాంతులు విరేచనములు కలిగి మనుష్యుడు పోయినచో కలరా యని చెప్పి పూడ్చివేయుచుండిరి. 1832లో ఇంగ్లండునందు జేమ్సు మార్షు అను రసాయనవేత్త ఒక హత్యాభియోగములో పాషాణమును కనిపెట్టెను గాని, ఆతడు చూపవలసిన పసుపురంగు పదార్థము న్యాయసభకు చేరునప్పటికి చెడిపోయినందున ముద్దాయి విడుదలయ్యెను. ఆ పరాభవమును దిగమ్రింగజాలక మార్షు పనిచేసి 1836లో క్రొత్త పరీక్షను ప్రకటించెను. యశదము, ఆమ్లము, అనుమానింపబడిన పదార్థము చేర్చగా పుట్టు వాయువును వెలిగించి, ఆ జ్వాలను చల్లని పింగాణిపై తాకించినచో పాషాణలోహము అద్దమువలె నల్లగా మెఱయుచు అంటుకొనును. ఫ్రాన్సునందు ఓర్ఫిలా 1814లో విషములపై మహాగ్రంథమును వెలువరించెను. బెల్జియమునందు స్టాసు అను విద్వాంసుడు 1850లో మృతదేహమునుండి పొగాకు విషమగు నికోటినును వేఱుచేసి చూపెను. వృక్షజనితమైన విషము దేహములో కలిసిన పిమ్మట మరల దొరకదను నమ్మకము ఆనాటితో పోయెను.

ఇట్లు ఐరోపాలో శాస్త్రము పెరుగుచుండగా న్యూయార్కు నగరమున స్థితి యెట్లుండెనో వినుడు. అనుమానాస్పద మరణములను విచారించుటకు "కరోనరు" అను ఉద్యోగి యుండెడివాడు. ఆతడు ఎన్నికలో గెలిచినవాడే గాని వైద్యము చదివియుండవలెనను నియమము లేదు. 1915లో నగర లెక్కల తనిఖీ అధికారి ఈ శాఖను విచారించి నివేదిక వ్రాయగా, ఆ పదవి నలంకరించినవారిలో పాలు పోయువాడు, మాంసము కొట్టువాడు, నీటిగొట్టములు బిగించువాడు, కొయ్య చెక్కువాడు సైతము ఉండిరని బయటపడెను. కొయ్య చెక్కుట మనకు వంశవిద్య. దానిని నేను చిన్నచూపు చూడను. కాని మంచి వడ్రంగి యైనంత మాత్రమున మనుష్యుని కడుపులోని విషమును గుర్తింపగలడని మన పెద్దలెవ్వరును అనరు. లంచములు పుచ్చుకొని మరణకారణములను మార్చి వ్రాయుట పరిపాటియై యుండెను. అందుచే ఆ పదవిని రద్దుచేసి 1918లో వైద్యపరీక్షకుల శాఖను స్థాపించిరి. దానికి మొదటి అధిపతి చార్లెసు నారిసు. ధనవంతుల యింట పుట్టినవాడు. జీతముకొఱకు గాక పనికొఱకు వచ్చినవాడు. నగరము డబ్బు ఈయనప్పుడు తన సొంత సొమ్ముతో పనిముట్లు కొన్నవాడు. ఆతడు ప్రయోగశాలను నడపుటకు ఎంచుకొన్న రసాయనవేత్తయే మన గెట్లరు.

గెట్లరు ధనికుడు కాడు. 1883లో ఆస్ట్రియా సామ్రాజ్యములోని గలీషియా ప్రాంతమున జన్మించి, ఏడవయేట తల్లిదండ్రులతో అమెరికా చేరెను. బ్రూక్లినులో పెరిగెను. రుసుము పుచ్చుకొనక బీదవిద్యార్థులకు చదువు చెప్పు న్యూయార్కు నగర కళాశాలలో చదివి 1904లో పట్టము పొందెను. పగలు చదువు, రాత్రులు రేవుపడవకు టిక్కెట్లు అమ్ము కొలువు. ఇట్లు సాగి 1912లో కొలంబియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము సంపాదించెను. టిక్కెట్ల గదిలో దీపము క్రింద పుస్తకము తెఱచుకొని కూర్చున్న ఆ యువకుని తలచుకొన్నప్పుడెల్ల మన వసతిగృహములోని కుఱ్ఱవాండ్రే నాకు జ్ఞప్తికి వత్తురు. కళాశాలలో రుసుము అడిగియుండినచో ఆతడు పడవరేవులోనే ఉండిపోయెడివాడేమో.

ఉద్యోగమున చేరినప్పుడు ఆతనికి తోడు వచ్చు గ్రంథములు స్వల్పము. ఏ విషము ఏ అవయవములో ఎంతకాలము నిలుచును, శవము కుళ్ళినచో అది మారునా మారదా, ఎంత దొరికినచో అది మరణకారణమని చెప్పవచ్చును అను ప్రశ్నలకు సమాధానము చెప్పువారు లేరు. అప్పుడు గెట్లరు మాంసపు టంగడికి పోయి కాలేయమును కొనితెచ్చి, ముక్కలుచేసి, తెలిసిన కొలత ప్రకారము విషమును తానే అందు కలిపి, దానిని మరల వెలికితీయుటకు ప్రయత్నించెడివాడు. పెట్టినదంతయు చేతికి వచ్చువఱకు పద్ధతిని దిద్దుకొనెడివాడు. మన విద్యలోను ఇంతే గదా! గురువు శిష్యునికి తూకము తెలిసిన పసిడి నిచ్చి కరగించుమని, కరగిన పిమ్మట తూచి, తరుగు ఎంత పోయినదో అడుగును. తరుగు లెక్క చెప్పలేనివానికి ఇతరుల సొమ్ము ఇచ్చుట యెట్లు?

పని జరుగు విధమును కొంచెము చెప్పెదను. ఆవిరి యగు విషములను, అనగా మద్యసారము, క్లోరోఫారము, సయనైడు మొదలగువానిని, అవయవపు ముద్దలోనికి నీటియావిరిని పంపి బట్టీపట్టి దింపుదురు. మొక్కలనుండి పుట్టు విషములను స్టాసు చూపిన త్రోవను మద్యసారముతో కడిగి, వడకట్టి, మరల మరల శుద్ధిచేసి స్ఫటికములుగా తీయుదురు. లోహవిషములకైతే మాంసమునంతయు తీక్ష్ణమైన ఆమ్లములతో నాశముచేసి మిగిలినదానిని పరీక్షింతురు. ఇది దినముల కొలది పని. ఒక్క పరీక్షలో దొరకినదానిని గెట్లరు నమ్మెడివాడు కాడు. రెండవ మార్గమున, మూడవ మార్గమున అదియే తేలవలెను.

ఆ కాలముననే అమెరికాలో మద్యనిషేధశాసనము అమలులోనికి వచ్చెను. 1920 జనవరినుండి 1933 డిసెంబరువఱకు అది నడిచెను. మద్యము దొరకక జనులు యంత్రశాలలకై చేసిన సారమును త్రాగసాగిరి. అందులో కొయ్యసారమని చెప్పబడు మిథైలు ఆల్కహాలు కలదు. చూచుటకు, వాసనకు మంచి సారమువలెనే యుండును. దేహములో ప్రవేశించిన పిమ్మట అది ఫార్మాల్డిహైడుగాను, ఆపై చీమలయందుండు ఆమ్లముగాను మారి మొదట కన్నుల వెలుగును, తరువాత ప్రాణమును హరించును. గెట్లరు 1920లోనే దానిని కనిపెట్టు పద్ధతులన్నింటిని సరిచూచి, పనికివచ్చునవి యేవి, పనికిరానివి యేవి అని శాస్త్రపత్రికలో ప్రకటించెను. త్రాగుట మాన్పించుటకై ప్రభుత్వమువారు యంత్రశాలల సారములో ఈ విషపుపాలును హెచ్చించిరి. 1926 క్రిస్మసు పండుగనాళ్లలో న్యూయార్కు ఆస్పత్రులు మరణించువారితో నిండెను. గెట్లరు చేసిన లెక్కలు చేతబట్టుకొని నారిసు పత్రికలవారిని పిలిచి, ఈ మరణములకు ప్రభుత్వమే బాధ్యత వహింపవలెనని బాహాటముగా చెప్పెను. ధనవంతులు మంచి సరుకు తెప్పించుకొందురు, చచ్చువారు బీదలే యని ఆతని ఆవేదన. సర్కారు జీతము తినుచు సర్కారును ప్రశ్నించుట యెంతటి సాహసమో ఉద్యోగములు చేసినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. మన దేశములోను కల్తీసారా వలన ఊళ్లకు ఊళ్లు ఏడ్చిన వార్తలలో చాలవఱకు దోషి ఈ కొయ్యసారమే.

మనుష్యుడు త్రాగియున్నాడా లేదా, ఎంత త్రాగినాడు అనుటకును అంతకుముందు వాసన చూచుటయే ప్రమాణము. గెట్లరు వేలకొలది మెదడులలోని మద్యసారమును కొలిచి, ఇంత యున్నచో మత్తు ఇంత యని మెట్లు కట్టెను. నేడు మార్గములో బండ్లను ఆపి ఊపిరి పరీక్షించు రక్షకభటుల చేతిలోని పరికరమునకు వెనుక ఇట్టివారి చాకిరి కలదు.

ఇక ఆతని జీవితములో నన్ను మిక్కిలి కదలించిన సంగతి యొకటి చెప్పెదను. 1926 చివర బ్రూక్లినులో ఓడరేవు కూలి యొకడు తెల్లవారుజామున మూట మోసికొనిపోవుచు పట్టుబడెను. మూటలో స్త్రీదేహఖండము! ఇంటిలో మిగిలిన ఖండములు దొరికెను. ఇంతకంటె సాక్ష్య మేమి కావలెను? ఆ నిర్భాగ్యుడును తానే చంపితినేమో యని నమ్మియుండెను. రాత్రి ఇద్దఱును త్రాగి కలహించిరి, ఆతడు నిద్రపోయెను, లేచి చూచునప్పటికి ఆమె విగతజీవి. భయముచేత బుద్ధి నశించి ఆ ఘోరకృత్యమునకు పూనుకొనెను. కాని నారిసు ఆ దేహము నెఱ్ఱదనమును చూచి అనుమానించెను. గెట్లరు రక్తమును పరీక్షించి అందు బొగ్గుపులుసు గాలికంటె తీవ్రమైన కార్బను మోనాక్సైడును కనిపెట్టెను. ఈ వాయువు రక్తములోని ఎఱ్ఱపదార్థమును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొని, దానికి చోటు లేకుండ చేయును. రక్తము లక్కవలె ఎఱ్ఱబారును. చచ్చినవారు ఊపిరి తీయరు గనుక చచ్చిన పిమ్మట ఈ వాయువు రక్తములో ఇంతగా నిండదు. కావున ఆమె బ్రదికియుండగనే దానిని పీల్చి మరణించినది. పొయ్యిమీది కాఫీ పొంగి మంట ఆరిపోగా, గ్యాసు గదినిండ వ్యాపించినది. ఆతడు చంపలేదు! కూలివాని పక్షమున డబ్బు లేదు, పలుకుబడి లేదు; నగరమంతయు ఉరితీయుడని కేకలువేయుచున్నది. రక్తపుచుక్క యొక్కటే ఆతని పక్షమున నిలిచెను. హత్యానేరము కొట్టివేయబడెను.

అన్ని పర్యాయములును న్యాయసభ ఆతని మాట వినలేదు. 1922లో ఒక హోటలులో వృద్ధదంపతులు గదిలో మరణించియుండిరి. కడుపులో విషము కానరాలేదు. గెట్లరు ఊపిరితిత్తులను పరీక్షించి సయనైడును పట్టుకొనెను. క్రింది అంతస్తులో పురుగులను చంపుటకై వదలిన విషవాయువు సందులగుండ వారి గదికి ప్రాకినది. ప్రతిపక్ష న్యాయవాదులు ఈ క్రొత్తశాస్త్రమును నమ్మదగదని తునాతునకలు చేసిరి. ఎవ్వరిమీదను నేరము రుజువు కాలేదు. గెట్లరు కోపగింపక మరల ప్రయోగశాలకు పోయి సయనైడు పరీక్షలను ఇంకను గట్టిపఱచుకొనెను.

సయనైడు మాట వచ్చినది గనుక ఇక్కడ కొంచెము ఆగెదను. ఈ సభలో సగముమంది ఇండ్లలో ఆ తెల్లని గడ్డ యున్నది. మెఱుగు పెట్టుటకును, పూత వేయుటకును దానిని వాడుదుము. నా బాల్యమున మా యింట సయనైడు కలిపిన నీరు ఊరగాయజాడి ప్రక్కనే గూటిలో నుండెడిది. జాడికి చీటియైనను లేదు. ఒకనాడు మా మేనత్త కుమారుడు, నాలుగేండ్లవాడు, దప్పికై ఆ గూటికి చేయి చాచగా మా తల్లి చూచినది గాని చూడనిచో ఏమి జరిగియుండునో చెప్పనక్కఱలేదు. నాయన ఆనాడే గూటికి తాళము చేయించెను. చేదుబాదముపప్పు వాసనవలన దానిని కనిపెట్టవచ్చునని కొందఱు ధైర్యపడుదురు. కొందఱికి పుట్టుకతోనే ఆ వాసన తెలియదు, వాసన నమ్ముకొనరాదు. సయనైడు నీటిలో ఆమ్లము పడినచో హోటలులో వృద్ధులను చంపిన ఆ వాయువే పుట్టును. మన బల్లలమీద ఈ రెండును ప్రక్కప్రక్కన ఉండుట నేను కన్నులార చూచితిని. పోషక మహాశయులు తలచుకొన్నచో ప్రతి పనిబల్లకు తాళము గల ఒక చిన్న పెట్టెను చేయించుట సంఘమునకు భారము కాదు. పెట్టెలు చేయువారును మనవారే గదా!

వృత్తులవలని విషములనుగూర్చి గెట్లరు చేసిన పని వేఱొకటి కలదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున గడియారములకు చీకటిలో వెలుగు అంకెలు వ్రాయు కర్మాగార ముండెను. ఆ రంగులో రేడియము కలదు. పనిచేయువారు చిన్న పిల్లలు, యువతులు. అంకె సన్నగా పడుటకై కుంచెను పెదవులతో మొనతేల్చి, రంగులో ముంచి, వ్రాయవలెను. మరల పెదవులతో మొనతేల్చవలెను. ఇట్లు దినమునకు వందల మార్లు. రంగు హానికరము కాదని పైవారు నమ్మబలికిరి. కొన్ని యేండ్లకు పండ్లు రాలెను, దవడయెముకలు పుచ్చి ముక్కలుగా ఊడెను. రేడియము సున్నమునకు సజాతీయ మగుటచే దేహము దానిని సున్నమని భ్రమించి యెముకలలో దాచుకొనును. అక్కడనుండి అది నిప్పుకణములవలె కిరణములను విడుచుచుండును. దాని బలము సగమగుటకు సుమారు 1600 సంవత్సరములు పట్టును.

ఆ యువతులలో ఒకతె 1922లో మరణింపగా, మరణపత్రములో ఆడుబిడ్డ పేరు చెడు వ్యాధిని వ్రాసిరి. ఆమె తోడివారు న్యాయసభ కెక్కిన పిమ్మట, 1927లో ఆమె దేహమును సమాధినుండి వెలికితీసి యెముకలను పరీక్షకు పంపిరి. గెట్లరు, ఆతని తోడివారు ఆ యెముకలను శుభ్రపఱచి, కొన్నింటిని బూడిదచేసి, ఛాయాచిత్రపు ఫిలుములో చుట్టి కటికచీకటిలో కొన్ని దినము లుంచిరి. వేఱొకరి యెముకలను అట్లే చుట్టి ప్రక్కన నుంచిరి. ఫిలుమును కడిగి చూడగా రెండవవానిలో ఏ గుఱుతును లేదు. ఆమె యెముకలు మాత్రము అయిదేండ్లు మంటిలో నున్నను తమ చిత్రమును తామే చుక్కలు చుక్కలుగా వ్రాసికొని యుండెను. ఆమె మాటాడలేదు, ఆమె యెముకలు సాక్ష్యము పలికినవి. వ్యాధిపేర పడిన అపవాదమును తొలగెను. 1928 జూనులో కంపెనీవారు రాజీకి వచ్చి, వ్యాజ్యము వేసిన అయిదుగురు స్త్రీలకును తలకు పదివేల డాలర్లును, ఏటేట ఆఱువందల డాలర్ల భరణమును, వైద్యపు ఖర్చులును ఇచ్చుటకు ఒప్పుకొనిరి.

ఈ కథ చదివినప్పుడు నాకు మన పనిబల్లలే కన్నులకు కట్టినవి. ఊదుగొట్టము నోటబెట్టి కుంపటిముందు దినమంతయు వంగి కూర్చుండు మన తాతలకు దగ్గు వచ్చినచో "వృత్తి దగ్గు" అని సరిపెట్టుకొంటిమి. పాదరసముతో బంగారుపూత పూసి నిప్పుమీద ఆవిరిచేసినవారికి చేతులు వణకినచో ముసలితన మంటిమి. ఇటీవలి కాలమున అతుకుటకు కాడ్మియము కలిపిన టంకము వచ్చెను. కేడియం నగలని బజారులో పేరు కూడ పొందెను. ఆ పొగ ఊపిరితిత్తులను, మూత్రపిండములను చెఱచును. ఆ యెముకలవలె మన తాతల యెముకలను ఎవ్వరును పరీక్షింపలేదు. పరీక్షించినవాడు మనవాడే అయియుండిన ఎంత బాగుండెడిది!

మఱియొకటి, లోహము లెఱిగినవారు రుచిచూడదగినది. 1935లో బ్రూక్లినునందే ఒక గుమాస్తా యింట నలుగురు బిడ్డలు, వారి తల్లియు కొద్దివారముల తేడాలో మరణించిరి. బిడ్డలకు జుట్టు రాలెను. అది థాలియమను లోహవిషమువలన కలుగు లక్షణము. ఇంటిలోని కోకో పొడి డబ్బాలో థాలియము దొరకినదని పోలీసు రసాయనజ్ఞుడు చెప్పగా తండ్రిని నిర్బంధించిరి. గెట్లరు మరల పరీక్షించెను. బిడ్డల దేహములలో థాలియమున్నమాట నిజమే. కాని తల్లి మెదడువ్యాధిచే మరణించినది, ఆమెలో థాలియము లేదు. డబ్బాలోనిది థాలియము కాదు, రాగి! రాగిని మంటలో పెట్టినచో ఆకుపచ్చని వెలుగు వచ్చునని మన కంచరివారి పసిబిడ్డ కైన తెలియును. థాలియము వెలుగును ఆకుపచ్చనిదే. కంటికి ఒక్కటిగా కనబడు ఈ రెండు వెలుగులను వర్ణమాపకయంత్రము వేఱు వేఱు గీతలుగా విడదీసి చూపును. తండ్రి విడుదలయ్యెను. బిడ్డలకు ఆ విష మెట్లు చేరెనో తేలలేదు. గెట్లరు తేలనిదానిని తేలినట్లు చెప్పలేదు.

మనుష్యుడుగా ఆతడు మితభాషి. చుట్ట నోటనుండి దిగదు. గుఱ్ఱపుపందెములపై మోజు కలదు. ఇది ఆదర్శప్రాయమని నేను చెప్పబోను గాని, మహనీయుల చరిత్ర లన్నింటిని పాలతో కడుగుట నాకు ఇష్టము లేదు. నారిసు 1935లో కీర్తిశేషుడైన పిమ్మటను గెట్లరు కదలక అదే ప్రయోగశాలలో పనిచేసి, విశ్వవిద్యాలయమున ఈ విద్యను బోధించి, ఎందఱో శిష్యులను తయారుచేసెను. వారిని "గెట్లరు కుఱ్ఱవాండ్రు" అని పిలిచెడివారు. వారు పోయి ఆ దేశపు నగరములలో ప్రయోగశాలలకు అధిపతులైరి. పరీక్షించిన దేహములు లక్షకు మించినవని చెప్పుదురు. 1959లో విరమించి, 1968లో ఎనుబదినాలుగవయేట మృతినొందెను. నేటికిని అమెరికా న్యాయశాస్త్రజ్ఞాన సమాజమువారు విషశాస్త్రమున శ్రేష్ఠులకు ఆతని పేర బహుమాన మొసగుచున్నారు.

మన దేశమున ఈ విద్య లేదనుకొనవలదు. చెన్నపట్టణములో రసాయన పరీక్షకుని ప్రయోగశాల 1849లోనే ఏర్పడెను. కలకత్తాలో 1853లో, ఆగ్రాలో 1864లో, బొంబాయిలో 1870లో వచ్చినవి. కోస్తాజిల్లాలలోను, సీమజిల్లాలలోను బాటసారులకు ఉమ్మెత్తగింజలు పెట్టి దోచినవారి కేసులు, గన్నేరుపప్పు కేసులు ఒకప్పుడు చెన్నపట్టణమునకే పోయెడివి. కలకత్తాలో చునీలాలు బోసు మహాశయుడు ఆ పదవి నలంకరించి గన్నేరు విషమునుగూర్చి పరిశోధించెను. నేడు హైదరాబాదునందు కేంద్ర ప్రయోగశాలయు, రెండు తెలుగు రాష్ట్రములకును తమ తమ ప్రయోగశాలలును కలవు. పాషాణముస్థానమును పురుగుమందు లాక్రమించినవి.

ఔషధములను పరీక్షించుటయు ఈ విద్యకు తోబుట్టువే. 1937లో అమెరికాలో ఒక మందును తీపినీరుగా చేయుటకై డైఇథిలీను గ్లైకాలు అను ద్రవమును వాడగా నూఱుమందికి పైగా, అందు పెక్కురు పిల్లలు, చనిపోయిరి. 1986లో బొంబాయిలోని ఒక పెద్ద ఆస్పత్రిలో మందుగా నిచ్చిన గ్లిసరినులో అదే విషము చేరి పదునలుగురు ప్రాణములు విడిచిరి. సీసామీది చీటిని నమ్మక లోపలిది పరీక్షించువాడు ఒక్క డుండినచో చాలియుండెడిది.

2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, ఏడేండ్లు గాని అంతకు మించి గాని శిక్ష పడదగిన నేరములలో శాస్త్రనిపుణుడు స్థలమునకు పోయి ఆనవాళ్లు సేకరింపవలెను. దానిని అమలుచేయుటకు రాష్ట్రములకు అయిదేండ్ల గడువు కలదు. 2020 నాటి చట్టముచే గాంధీనగరు కేంద్రముగా ఈ విద్యకే ఒక జాతీయ విశ్వవిద్యాలయము వెలసినది. పనివా రెందఱు కావలసివత్తురో మీరే ఊహింపుడు. మన పిల్లలు చదువుచున్నారు. కాని ఇంటర్మీడియేటు కాగానే అందఱును ఒకే త్రోవను గుమిగూడుచున్నారు. రసాయనశాస్త్రము చదివెదనన్న కుఱ్ఱవానిని ఉపాధ్యాయుడవు కావలెనా యని ఇంటివారు ఎగతాళి చేయుట నేను వింటిని. ఆడపిల్లలలో ఈ పనికి కావలసిన ఓర్పు, చేతినేర్పు హెచ్చుగా నుండుట నా అనుభవము. ప్రయోగశాలలో నాతో పనిచేసినవారిలో తరుగు లెక్క ఎన్నడును తప్పనిది ఒక స్త్రీయే.

పోషక మహాశయులు మన వసతిగృహమునకు ఇచ్చు నిధినుండి ఏటా ఇద్దఱు విద్యార్థులకు, ఒక బాలునికిని ఒక బాలికకును, రసాయనశాస్త్రమున పై చదువు పూర్తియగువఱకు రుసుము చెల్లింపవలసినదిగా ఒక తీర్మానమును వ్రాసి అధ్యక్షులవారికి సమర్పించియున్నాను. అది మధ్యాహ్నసభలో చర్చకు వచ్చును. అనుకూలురు ప్రతికూలురు అందఱును నిర్మొగమాటముగ మాట్లాడవలెనని నా మనవి. తాళపుపెట్టెల సంగతి దానికి అనుబంధముగా చేర్చితిని.

పందిరి ఈశాన్యమూలను ఒక బల్లమీద సారాదీపము, రాగితీగ, చిన్న వర్ణమాపకయంత్రము అమర్చియుంచితిని. భోజనములకు గంట కొట్టులోపల పిల్లలు వచ్చి ఆకుపచ్చని వెలుగు గీతలుగా విడిపోవుటను చూడవచ్చును. పెద్దలు వచ్చినను అభ్యంతరము లేదు. సెలవు.